ఇంట్లో చేసుకున్న స్నూకర్ క్యూతో కొన్నేళ్లు ఆడాక

నాలుగైదేళ్లుగా నా స్నూకర్ ఆట అంతా ఒకే క్యూతో, అంటే బంతిని కొట్టే కర్రతో. కొన్నది కాదు, మా డాబా మీద రేకుల షెడ్డులో చిత్రిక పట్టి చేసుకున్నది. అప్పటికి నాకు తెలిసిన వడ్రంగం తలుపు గడియ బిగించడం, గోడకు అర కొట్టడం, అంతే. తేల్చి చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను: ఈ క్యూ ఆడటానికి బాగుంది, చూడటానికి ఓ మోస్తరు, డబ్బు మిగులుతుందని మొదలుపెడితే మాత్రం దండగ. క్యూ ఎలా ఆడుతుందన్నది ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది. ఏ పలక ఎంచుకున్నాం, దాన్ని ఎంత సమంగా సన్నబరిచాం. బరువు ఎక్కడ పడుతుందన్నది మూడోది, అది వాడితే గానీ తెలియదు. వెనక భాగంలో కనిపించే నల్లటి కోణాలు, మెరుపు, పేరు చెక్కించుకోవడం లాంటివాటికి వారాలు పడుతుంది కానీ, వాటి వల్ల ఒక్క బంతి కూడా పాకెట్‌లో అదనంగా పడదు.

కొలతలు చెప్తాను. పొడవు 57న్నర అంగుళాలు, టిప్ (బంతిని తాకే తోలు మొన) దగ్గర 9.5 మి.మీ., వెనక కొసన 29 మి.మీ., బరువు దాదాపు అర కిలో. నిబంధనల ప్రకారమైతే క్యూ 3 అడుగులకు తగ్గకూడదు, టిప్ వైపు సన్నబడే మామూలు ఆకారం మారకూడదు, అంతే. మిగతాదంతా ఆడేవాడి ఇష్టం. షాఫ్ట్, అంటే క్యూ పొడవునా నడిచే కర్ర, అమెరికన్ యాష్ అనే కలప; పట్టుకునే చోట ఇరుగుడు (రోజ్‌వుడ్). ఈ ఆట 1875లో మన జబల్‌పూర్‌లో పుట్టిందంటారు, దాని కర్రకు కావాల్సిన కలప మాత్రం ఓడెక్కి రావాలి.

ముందు ఆట సంగతి. షాఫ్ట్ కాస్త బిర్రుగా ఉంటుంది. టిప్ నుంచి అడుగు దూరంలోనే 13 మి.మీ. దాటుతుంది. అందుకే 12 అడుగుల టేబుల్ మీద ఆ చివర పాకెట్‌కి గట్టిగా కొట్టినప్పుడు చేతిలో క్యూ ఊగదు. స్టన్ షాట్ (తెల్ల బంతి దొర్లకుండా జారుతూ వెళ్లి తగిలేది) అనుకున్నట్టే పడుతుంది. తేడా వచ్చేదల్లా సైడ్ పెట్టినప్పుడే, అంటే తెల్ల బంతిని మధ్యలో కాక ఒక పక్కన కొట్టి తిప్పినప్పుడే. ముందు భాగం లావుగా, బరువుగా ఉన్న క్యూ తెల్ల బంతిని గురిపెట్టిన గీత మీద నుంచి కాస్త ఎక్కువగానే పక్కకు తోస్తుంది. మొదట్లో దీంతో చిరాకు పడ్డాను. ఇప్పుడు ఆ తేడాకు తగ్గట్టు గురి దానంతటదే మారిపోతోంది. స్నూకర్ పార్లర్లో ఉండే క్యూలతో ఆడితే రోజుకో రకం తేడా, ఇక్కడ రోజూ అదే తేడా. సొంత క్యూ వల్ల నాకు కలిగిన అసలు లాభం ఇదే. అయితే నిజం ఒప్పుకోవాలి, కొన్న క్యూతోనైనా ఈ లాభం ఉంటుంది.

ఇక కలప. యాష్ పలకలు ముషీరాబాద్ టింబర్ డిపోల్లో దొరికాయి. ఫర్నిచర్ చేసేవాళ్ల కోసం తెప్పిస్తారు. గొడ్డలికి, సుత్తికి పిడిగా వాడే కలప ఇది, దెబ్బకు తట్టుకుంటుంది. నేను ఒక్కో పలకా దించి, అంచు చూసి, తిప్పి, మళ్లీ పెట్టేస్తుంటే అక్కడి కుర్రాడికి విసుగొచ్చింది. "మంచం చేయిస్తారా సార్, కిటికీయా?" అన్నాడు. స్నూకర్ కర్ర అని చెప్పాను. "ఒక్క కర్రకి ఇన్ని పలకలా సార్!" అని నవ్వాడు. అవును, ఒక్క కర్రకే. అంచు మీద నార గీతలు ఒక కొస నుంచి రెండో కొస దాకా పక్కకు జారిపోకుండా నడవాలి. మధ్యలో గీత అంచు దాటి బయటికి పోయిందంటే ఆ పలక అందంగా ఉన్నా వదిలేయాలి. షాఫ్ట్ అక్కడే వంగుతుంది, అక్కడే చీలుతుంది.

గీతలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నది క్యూ పూర్తయ్యాక కూడా కనిపిస్తుంది. యాష్ క్యూ మీద బాణం మొనల్లా కనిపించే గుర్తులు చాలామంది చూసే ఉంటారు. అవి గీసినవి కావు. వెనక లావుగా, ముందు సన్నగా ఉండే కర్ర చెక్కలోని పొరలను ఒక్కొక్కటిగా కోసుకుంటూ పోవడం వల్ల ఏర్పడతాయి, మొన ఎప్పుడూ టిప్ వైపే ఉంటుంది. పైన, కింద ఆ మొనలు ఒకే వరుసలో నడిస్తే నార నిటారుగా ఉన్నట్టు. నా క్యూలో ముందు అడుగున్నర వరకు చక్కగా ఉన్నాయి, మధ్యలో ఒక పక్కకు కాస్త వాలాయి. ఆ వాలు ఆటలో తెలియదు కానీ, షాట్‌కి వంగిన ప్రతిసారీ కంటికి తగులుతుంది. ఆ బాణాలు ఎప్పుడూ పైకే ఉండేలా పట్టుకోవాలి. అన్ని వైపులా చెక్క ఒకేలా వంగదు కాబట్టి, కర్రను ఒకే తీరున పట్టుకుంటే ప్రతి షాట్‌లోనూ ఒకేలా స్పందిస్తుంది. అందుకే వెనక కొసన ఒక పక్క చిన్న చదును తీశాను, చూడకుండానే వేలికి తెలుస్తుంది.

సన్నబరిచే పనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రెండు రీపర్ల అంచులు వాలుగా తీసి పక్కపక్కన బిగిస్తే మధ్యలో వి ఆకారపు గాడి వస్తుంది. కర్ర అందులో కదలకుండా పడుకుంటుంది. ముందు నలుపలకగానే సన్నబరచాలి, తర్వాత మూలలు తీసి ఎనిమిది, ఆపైన పదహారు, అప్పుడు గుండ్రం. చిత్రిక ఎప్పుడూ లావు వైపు నుంచి సన్నం వైపే నడవాలి. ఎదురు తోస్తే యాష్ నార లేచిపోతుంది, ఆ గుంట ఇక పూడదు. ప్రతి మూలకూ లెక్కపెట్టి అన్నేసి తోపులు. ఆరేసి అంగుళాలకు ఒకచోట పెన్సిల్ గుర్తు, వెర్నియర్‌తో కొలత, కాగితం మీద అంకె. ఇది విసుగు పని. నాకు మాత్రం నచ్చింది. కత్తి పదును బాగుంటే చివరి దశలో ఉల్లిపొరంత పలచని పొట్టు గజం పొడవున తెగకుండా వస్తుంది, చప్పుడు కూడా మారుతుంది. గరగరమని వినిపించిందంటే ఆపేసి కత్తి నూరుకోవాలి.

తొందర పనికిరాని చోటు ఒకటుంది. 2 మి.మీ. అదనంగా ఉంచి, షాఫ్ట్‌ను మేకుకు నిలువుగా వేలాడదీసి వదిలేయాలి. లోపలి బిగువు సడలి కర్ర ఎటు వంగాలనుకుంటే అటు వంగుతుంది, మిగిలిన ఆ 2 మి.మీ.లోనే దాన్ని సరిచేసుకోవాలి. నాది ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వేలాడింది. ఇంట్లోవాళ్లు దాని మీద తువ్వాలు కూడా ఆరేశారు. నిటారుగా ఉందో లేదో చూడటానికి అందరూ బల్ల మీద దొర్లిస్తారు, నేను దాన్ని నమ్మను. గుండ్రంలో కాస్త తేడా ఉన్నా కర్ర వంకర ఉన్నట్టే ఊగుతుంది. ఒక కన్ను మూసి, ట్యూబ్‌లైట్ వైపు పెట్టి పొడవునా చూడటమే సరైన పరీక్ష.

ఇరుగుడు పాత పందిరి మంచం పట్టె నుంచి తీసింది. కొత్త ఇరుగుడుకు అటవీ శాఖ కాగితాలు, వాటి తలనొప్పి ఉంటాయి. పాత సామాన్లలో దొరికేది బాగా ఆరిన చేవ. ఇది సోకు కోసమే అనుకుంటారు గానీ దీనికో పనుంది. అంగుళం మందం పలకతో 29 మి.మీ. కొస రాదు. వెనక నుంచి 40 సెం.మీ. దాకా నాలుగు వైపులా వాలుగా చదును చేసి, ఆ నాలుగు చోట్లా ఇరుగుడు బద్దలు అతికిస్తే లావు దానంతటదే వస్తుంది. యాష్ మాత్రం తెగకుండా కొస దాకా సాగుతుంది, మధ్యలో ఎక్కడా అతుకుండదు. ఎదురెదురు వైపులు రెండు ముందు, అవి ఆరాక మిగతా రెండు. గుండ్రం తీస్తుంటే కోణాలు వాటంతటవే బయటపడతాయి. నావి నాలుగూ సమం కాదు, ఒకటి వేలెడు పొడవు ఎక్కువ. ఇరుగుడులో జిడ్డు ఉంటుంది కాబట్టి అతికించే ముందు థిన్నర్‌తో తుడిచి ఆరల్డైట్ పెట్టాను. ఇన్నేళ్లలో ఎక్కడా ఊడలేదు. దాని పొడి మాత్రం చర్మానికి, ఊపిరికి మంచిది కాదు, మాస్కు లేకుండా రుద్దకండి.

బరువు దగ్గరికొద్దాం. చెక్క మొత్తం కలిపి 350 గ్రాములు కూడా తూగలేదు. క్యూలకు వాడే నల్లటి కలప ఎబొనీ అయితే ఇంకాస్త వచ్చేది, ఇరుగుడు దాని కంటే తేలిక. దాంతో వెనక కొసన 12 మి.మీ. రంధ్రం చేసి 150 గ్రాముల సీసం కడ్డీ దించి ఎపాక్సీతో బిగించాను. తూకం సరిపోయింది. కానీ సీసం అంతా కొసన చేరడంతో బ్యాలెన్స్, అంటే వేలి మీద పెడితే క్యూ సమంగా నిలిచే చోటు, వెనక నుంచి 14 అంగుళాల దగ్గర పడింది. మామూలుగా దుకాణాల్లో అమ్మే క్యూలకు అది 16 నుంచి 18 అంగుళాల మధ్య ఉంటుంది. ఆ కొద్ది అంగుళాలే ఆటలో బాగా తెలుస్తాయి. ముందు భాగం మరీ తేలికై, మెల్లగా తాకించే షాట్లలో టిప్ లేచిపోయేది. తర్వాత బాలానగర్‌లో లేత్ పని చేసే అతని దగ్గర పొడవాటి బిట్టుతో రంధ్రాన్ని లోతు చేయించి, సీసాన్ని ఇంకో అయిదంగుళాలు లోపలికి జరిపాను. బ్యాలెన్స్ 15న్నరకు వచ్చింది. ఇంకో అంగుళం ముందుకొస్తే బాగుండేది, కానీ చేతి పట్టు దాటి రంధ్రం చేయడానికి నాకు ధైర్యం చాలలేదు. సీసం ఇంట్లో కరిగించవద్దు, ఆ పొగ విషం.

ఇత్తడి ఫెరూల్ (టిప్ కింద షాఫ్ట్ కొసకు తొడిగే చిన్న గొట్టం) కూడా ఆ లేత్ పని చేసే అతనే చేశాడు. "ఇంత చిన్నది ఎందుకన్నా, పెన్ను మూతా?" అని అడిగి, పది నిమిషాల్లో తీసిచ్చాడు. షాఫ్ట్ కొసను ఆకురాయితో తగ్గించి దాన్ని తొడగాలి. తగ్గించిన చోట మిగిలే మెట్టు మీద అది సమంగా కూర్చోకపోతే షాట్ కొట్టినప్పుడు టక్‌మనే చప్పుడు వస్తుంది. నాకు మొదటి ఏడాది రాలేదు. రెండో ఏడాది మే నెలలో చెక్క ఎండి బిగువు తగ్గాక వచ్చింది. పీకి మళ్లీ అతికించాక పోయింది. టిప్ ఎల్క్ మాస్టర్, మెత్తది, స్క్రూ (తెల్ల బంతి వెనక్కి వచ్చేలా తిప్పడం) బాగా పడుతుంది కానీ తొందరగా అరుగుతుంది.

పైన వార్నిష్ లేదు, అవిసె నూనె మాత్రమే. పలచగా రాసి, తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ. హైదరాబాద్ చెమటకి వార్నిష్ వేసిన క్యూ చేతికి పట్టేస్తుంది, నూనె రుద్దింది జారుతుంది. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయవద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడెక్కి గుడ్డ దానంతటదే అంటుకోగలదు. పరిచి ఆరేయండి. ఏడాదికోసారి మళ్లీ నూనె రాస్తే చాలు. యాష్‌కి సన్న రంధ్రాలు ఎక్కువ కావడంతో ఫెరూల్ దగ్గర చాక్ (టిప్‌కు రాసే సుద్ద) పొడి దిగి జానెడు మేర ఆకుపచ్చగా మారింది. ఎంత తుడిచినా పోదు, నేనూ పట్టించుకోవడం మానేశాను. వానాకాలంలో షాఫ్ట్ ఒక వెంట్రుకవాసి వంగుతుంది, చలికాలానికి సర్దుకుంటుంది. గోడకు ఆనించి పెట్టకుండా, ఎండలో కారు డిక్కీలో వదిలేయకుండా ఉంటే ఇంతకు మించి వంగలేదు.

ఖర్చు పనిముట్లతో కలిపి ఎనిమిది వేల దాకా అయింది. అందులో సగం మంచి చిత్రిక, వెర్నియర్, కత్తి నూరే రాయికే. ఆ డబ్బుతో వాడుకోదగ్గ రెడీమేడ్ క్యూ వచ్చేస్తుంది, అది కూడా బ్యాలెన్స్ సరిగ్గా ఉన్నది. కాబట్టి ఆటే ముఖ్యమైతే కొనుక్కోండి. చెక్క పని మీద మోజుంటే చేయండి, కానీ యాష్ పలక కోసం డిపోకు పరుగెత్తకండి. ప్రతి పార్లర్‌లోనూ టిప్పులు ఊడి మూలన పడిన పాత క్యూలు ఉంటాయి. అక్కడ బల్లలు, స్కోరు చూసుకునే మార్కర్‌ని అడిగితే నిటారుగా ఉన్నది చూసి కొద్ది డబ్బుకే ఇచ్చేస్తాడు. దాని ఫెరూల్ పీకి, ముందు రెండడుగులు చిత్రిక పట్టి, కొత్త ఫెరూల్ తొడిగి, టిప్ అతికించి ఒక నెల ఆడి చూడండి. క్యూ పనిలో కష్టమైన సగం అందులోనే ఉంది. ఇరుగుడు, సీసం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.