ప్రార్థన చేసే చోట వెలుగు గొప్పదా, నిశ్శబ్దమా?

ఇస్తాంబుల్‌లో చర్చిగా కట్టిన హగియా సోఫియా 537లో పూర్తయింది. గుమ్మటం అడుగున చుట్టూ 40 కిటికీలు. వాటిలోంచి ఎండ పడితే అంత బరువైన గుమ్మటం గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది. తల దానంతటదే పైకి లేస్తుంది.

క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల ప్రార్థన గదిలో ఇవేవీ ఉండవు. పాత పద్ధతిలో అయితే పూజారి లేడు, పాట లేదు, ఉన్నవి బల్లలే. అందరూ మౌనంగా కూర్చుంటారు. లోపలి నుంచి మాట తన్నుకొస్తేనే ఎవరో ఒకరు లేచి మాట్లాడతారు. బల్ల కిర్రుమన్నా, పక్కవాళ్లు గట్టిగా ఊపిరి పీల్చినా వినిపిస్తుంది.

నా ఓటు ఈ గదికే. గుమ్మటం కింద చూస్తూ ఉండిపోతాం. ఇక్కడ చూడ్డానికేం లేదు కాబట్టి మనసు లోపలికి తిరుగుతుంది. పైగా ఆ మౌనాన్ని అంతమంది కలిసి మోస్తున్నారు, ఇంట్లో ఒక్కరమే కూర్చుంటే అది దొరకదు.