నడుం నొప్పికి అల్ట్రాసౌండా, వేడి కాపడమా, వ్యాయామమా?

నడుం పట్టేసి ఫిజియోథెరపీకి వెళ్తే చాలామందికి ఎదురయ్యేది ఇదే: బోర్లా పడుకోబెట్టి, చల్లటి జెల్ రాసి, గుండ్రటి లోహపు తల ఉన్న పరికరాన్ని ఐదు పది నిమిషాలు నడుం మీద తిప్పుతారు. ఇదే అల్ట్రాసౌండ్ చికిత్స. ఇది స్కానింగ్ కాదు, బొమ్మేమీ కనపడదు. మన చెవికి అందని శబ్ద తరంగాలు లోపలికి వెళ్లి కండను కాస్త వేడెక్కిస్తాయి. మధ్యలో గాలి ఉంటే అవి చర్మం దాటవు, అందుకే ఆ జెల్.

3 మెగాహెర్ట్జ్ (సెకనుకు 30 లక్షల కంపనాలు) తరంగాలు పైపైనే ఆగిపోతాయి. 1 మెగాహెర్ట్జ్‌వి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా దిగుతాయంటారు. లోతుకు వేడి అందుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ గురి ఎక్కడ పెట్టాలి? నడుం నొప్పుల్లో అత్యధికం ఫలానా చోటి నుంచే వస్తున్నాయని తేల్చలేనివి. పైగా దారిలో ఎముక అడ్డొస్తే తరంగాలు దాన్ని దాటి ముందుకు పోవడం కష్టం.

వైద్య పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష, దీర్ఘకాలిక నడుం నొప్పిలో అల్ట్రాసౌండ్‌ను సమర్థించే నాణ్యమైన ఆధారం దొరకలేదని తేల్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే దీన్ని వాడొద్దని చెప్పింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలిక నొప్పికి వద్దనే అంది. మరి "నాకు తగ్గిందిగా" అనేవాళ్ల సంగతో? అబద్ధమేమీ కాదు. కొత్తగా పట్టిన నడుం చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ వారాల్లో ఏ మెషీన్ పెట్టించుకున్నా పేరు దానికే పోతుంది.

వేడి కాపడం సంగతి వేరు. నాలుగు రోజుల కిందట పట్టిన నొప్పికి ఇది కొంత ఉపశమనం ఇస్తుంది. అమెరికన్ వైద్యుల సంఘం ఏసీపీ 2017 మార్గదర్శకాల్లోనూ దీనికి చోటుంది. ఇంట్లో పడుకునే చేసుకోవచ్చు. స్పర్శ తగ్గిన చర్మం మీద మాత్రం జాగ్రత్త, కాలినా తెలియదు.

మూడు నెలలు దాటిన నొప్పికి నా ఓటు వ్యాయామానికే. 2021 కాక్రేన్ సమీక్ష 249 అధ్యయనాలను పరిశీలించి, ఏ చికిత్సా లేకపోవడం కన్నా వ్యాయామం నొప్పిని తగ్గిస్తుందని చెప్పింది. అద్భుతమేమీ జరగదు, మొదటి వారాల్లో విసుగే ఎక్కువ. తగ్గిన నొప్పి మళ్లీ రాకుండా చూసుకోవడానికి మామూలు నడక చాలు. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసి 2024లో ప్రచురించిన పరిశోధనలో, ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా నడక పెంచుకున్నవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా (సగం మందికి అంతలోపు, సగం మందికి ఆ తర్వాత) 208 రోజులు పట్టింది. అలా చేయనివాళ్లకు 112 రోజులే.

అల్ట్రాసౌండ్ పెట్టాక వ్యాయామాలు కూడా నేర్పిస్తుంటే గొడవ లేదు, పోయేది పది నిమిషాలే. మెషీన్ ఆపేసి "రేపు రండి" అని పంపేస్తుంటే మాత్రం, ఇంట్లో ఏం చేయాలో గట్టిగా అడగండి. గర్భిణుల నడుం మీద, క్యాన్సర్ ఉన్న చోట అసలు పెట్టించుకోకూడదు.

మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలహీనపడుతున్నా పైవేవీ పనికిరావు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.