పాత కారు స్టీరియోకి బ్లూటూత్: వీహెచ్‌ఎం-314 బోర్డు బాగుంది, పవర్ సరిగా ఇస్తేనే

పదేళ్లు దాటిన చాలా కార్లలో కంపెనీ స్టీరియోకి సీడీ, యూఎస్‌బీ, ఆక్స్ (బయటి నుంచి ఆడియో కేబుల్ గుచ్చే సాకెట్) ఉంటాయి, బ్లూటూత్ ఉండదు. స్టీరియో బాగానే పాడుతుంటుంది, స్టీరింగ్ బటన్లు పనిచేస్తుంటాయి, డాష్‌బోర్డులో అతికినట్టు కూర్చుని ఉంటుంది. దాన్ని పీకేసి చవక ఆండ్రాయిడ్ స్క్రీన్ బిగించుకోవడం చాలాసార్లు అనవసరం. ముందు ప్యానెల్ మీద ఆక్స్ సాకెట్ కనిపిస్తే వీహెచ్‌ఎం-314 అనే చిన్న బ్లూటూత్ బోర్డుతో పని అయిపోతుంది.

బోర్డు 30 మిల్లీమీటర్ల చదరం. ఒక పక్క మైక్రో యూఎస్‌బీ, ఇంకో పక్క 3.5 మిల్లీమీటర్ల జాక్, అంచున మెలికలు తిరిగిన రాగి గీత. ఆ గీతే యాంటెన్నా. 5 వోల్టులు ఇస్తే చాలు, ఫోన్‌లో పేరు కనిపిస్తుంది, పిన్ అడగదు, తర్వాత నుంచి ఆ ఫోన్‌కి దానంతటదే కలుస్తుంది. ధర రెండు వందల లోపే. పనిచేసేది ఎస్‌బీసీ కోడెక్ (బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతి) మీద. అది మంచి స్థితిలో సెకనుకి 328 కిలోబిట్ల దాకా వెళ్తుంది. ఎల్‌డ్యాక్, ఆప్టెక్స్ లాంటి మెరుగైన కోడెక్‌లు దీని నుంచి ఆశించకండి, కదులుతున్న కారులో ఆ తేడా తెలియదు కూడా.

లైటర్ సాకెట్లో పెట్టే, ఫోన్ పాటని కారు రేడియోకి ఎఫ్‌ఎంలో పంపే ట్రాన్స్‌మిటర్ కంటే ఇది ఎందుకు మేలో వైజాగ్‌లో ఇట్టే తెలుస్తుంది. ఇక్కడ 91.1, 92.7, 93.5, 98.3, 102 మీద స్టేషన్లున్నాయి. వాటి పక్కన ట్రాన్స్‌మిటర్ పెడితే సిరిపురంలో శుభ్రంగా ఉన్న పాట మద్దిలపాలెం దాటేసరికి బురబురమంటుంది. ఏ గొడవా లేకపోయినా ఎఫ్‌ఎం స్టీరియో 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, కంచు తాళాల మెరుపు పోతుంది. ఆక్స్ దారికి ఈ బాధ లేదు.

ఇక అసలు సమస్యకి వద్దాం. ఈ బోర్డుని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది దాన్ని లైటర్ సాకెట్లో ఉన్న యూఎస్‌బీ ఛార్జరుకి తగిలించి, జాక్‌ని ఆక్స్‌లో గుచ్చేసినవాళ్లే. ఇంజన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో సన్నటి కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే కూత పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. పాట ఆపినా ఆగదు. ఇంజన్ ఆపి వింటే ఇంకో శబ్దం ఉంటుంది: ఫోన్ కలిసినప్పుడు గరగర, పాటల మధ్య చిటచిట.

కారణం గ్రౌండ్ లూప్. బోర్డు గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే నెగటివ్ వైపు) కారు బాడీకి రెండు దారుల్లో చేరుతోంది. ఒకటి ఛార్జరు గుండా లైటర్ సాకెట్ వైరు, రెండోది ఆక్స్ కేబుల్ తొడుగు గుండా స్టీరియో గ్రౌండ్ వైరు. ఆల్టర్నేటర్ కరెంటు బాడీలో పారేటప్పుడు ఈ రెండు చోట్ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తుంది. స్టీరియో ఆ తేడాని కూడా పాటే అనుకుని పెంచి వినిపిస్తుంది. గరగర మాత్రం బోర్డు సొంతం. దాని బ్లూటూత్ చిప్ ఝటకాలుగా లాగే కరెంటు కొంత ఆడియో గ్రౌండ్ మీదుగానే తిరిగి వెళ్తుంది. నిర్ధారణ చాలా తేలిక: ఛార్జరు తీసేసి బోర్డుని పవర్ బ్యాంకుతో నడపండి. రెండు శబ్దాలూ పోతే అనుమానం అక్కర్లేదు. పోకపోతే కేబుల్నో సాకెట్‌నో చూడాలి.

విరుగుడు రెండు రకాలు. ఆక్స్ దారిలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది, అందులో రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. గుచ్చితే చాలు, కూత పోతుంది. కాకపోతే చవక రకాల్లో కోర్ మరీ చిన్నది, లోతైన బేస్ దగ్గర చేతులెత్తేస్తుంది. డప్పు దరువులో బరువు పోయి పైతోలు చప్పుడే మిగులుతుంది. అందుకే మేం సిఫారసు చేసేది రెండోది: పాటని ముట్టుకోకుండా కరెంటునే విడదీయడం.

దానికి కావలసింది బీ0505ఎస్ అనే నాలుగు కాళ్ల నల్ల మాడ్యూల్. 5 వోల్టులు తీసుకుని 5 వోల్టులే ఇస్తుంది, కానీ లోపలి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ వల్ల రెండు వైపులకీ తీగ సంబంధం ఉండదు. 1 వాట్, అంటే 200 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలదు, ఈ బోర్డుకి అది ఎక్కువే. కారు 12 వోల్టుల్ని 5కి దించడానికి ఎల్‌ఎం2596 స్టెప్ డౌన్ మాడ్యూల్ ముందు పెట్టాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు లైన్లో 14 వోల్టులు దాటుతాయి. ఆ ఐసీ 40 దాకా తట్టుకుంటుంది కాబట్టి భయం లేదు. బోర్డుతో సహా మొత్తం సామాను ఐదు వందల లోపు.

వరస ఇలా. ఫ్యూజు బాక్సులో లైటర్ సాకెట్ ఫ్యూజు దగ్గర ఫ్యూజ్ ట్యాప్ (వైరు కోయకుండా ఫ్యూజు చోటు నుంచి కొత్త లైను తీసే ముక్క) పెట్టి, మన లైనుకి విడిగా 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. కంపెనీ కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్) వైర్లు కోయనివ్వొద్దు. గాజువాక ఆటోనగర్‌లో చేయించినా ఈ మాట ముందే గట్టిగా చెప్పండి. తాళం ఏసీసీలో (ఇంజన్ స్టార్ట్ కాకుండా స్టీరియో పనిచేసే స్థానం) పెడితే 12 వోల్టులు, తీసేస్తే సున్నా రావాలి, మల్టీమీటరుతో చూసుకోండి. కొన్ని కార్లలో సాకెట్‌కి ఎప్పుడూ కరెంటు ఉంటుంది. అక్కడ కలిపితే 50 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు వారాలు కదలకుండా ఉంటే సగం ఖాళీ.

తర్వాత ఆ లైనుని ఎల్‌ఎం2596 ఇన్‌పుట్‌కి ఇచ్చి, అవుట్‌పుట్‌కి ఇంకేమీ తగిలించకుండానే దాని స్క్రూ తిప్పి సరిగ్గా 5.0 వోల్టులకి తేవాలి. ఇది మరిచిపోతే మొదటి సెకనులోనే మిగతావి మాడొచ్చు, ఎందుకంటే ఆ మాడ్యూళ్లు ఎంత వోల్టేజి మీద వస్తాయో చెప్పలేం. బీ0505ఎస్ కాళ్ల వరస తయారీదారుని బట్టి మారుతుంది, డేటాషీట్ చూశాకే సోల్డరింగ్. ఇన్‌పుట్ వైపు 4.7, అవుట్‌పుట్ వైపు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు చాలు. ఎక్కువైతే మంచిదేగా అని 1000 మైక్రోఫారడ్‌ది పెడితే మాడ్యూల్ స్టార్ట్ కాలేక మొరాయించొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇన్‌పుట్ గ్రౌండ్‌నీ అవుట్‌పుట్ గ్రౌండ్‌నీ ఎక్కడా కలపకూడదు. రెండూ నల్ల వైర్లే కదా అని మెకానిక్ కలిపి టేపు చుట్టాడంటే ఐసొలేషన్ మొత్తం వృథా, కూత మళ్లీ హాజరు.

బోర్డుకి వచ్చే కరెంటు వైర్లని మైక్రో యూఎస్‌బీకి కాకుండా నేరుగా ప్యాడ్లకి సోల్డర్ చేయడం మంచిది. గుంతల రోడ్డు కుదుపులకి ఆ చిన్న సాకెట్ వదులవుతుంది. మన ఊళ్లో దానికి ఉప్పుగాలి తోడు. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు ఉండే కార్లలో ఆక్స్ సాకెట్ లోపలి రేకులకి పచ్చటి చిలుము పడుతుంది. జాక్ తిప్పితే ఒక పక్క స్పీకర్లు వచ్చి పోతున్నాయంటే అదే. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, జాక్‌ని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. సగం కేసుల్లో కొత్త కేబుల్ కొనక్కర్లేదు.

అమర్చే చోటు గ్లవ్‌బాక్స్ కింద లేదా గేర్ కన్సోల్ పక్కన. స్టీరియో వెనక ఇనుప ఫ్రేములో దోపితే యాంటెన్నా గుడ్డిదవుతుంది, జేబులో ఫోన్ పెట్టుకున్నా పాట తెగుతుంది. డాష్‌బోర్డు పైన అసలే వద్దు, ఎండలో అక్కడ మంట. ష్రింక్ ట్యూబు తొడిగి, ఫోమ్ టేపుతో అంటిస్తే టకటక చప్పుడూ రాదు. పసుపు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోకండి. బ్యాటరీ తీసే పని పడితే ముందు స్టీరియో కోడ్ కార్డు ఉందో లేదో వెతకండి. కొన్ని హోండా, ఫోర్డ్ స్టీరియోలు కరెంటు పోయి వస్తే ఆ కోడ్ అడుగుతాయి.

సౌండు సెట్ చేసేటప్పుడు ఫోన్ వాల్యూమ్ 90 శాతం దగ్గర ఉంచి మిగతాది స్టీరియో మీద పెంచండి. తిరగేసి చేస్తే బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది. అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో పాట ఆగితే బోర్డు మీద పడకండి, అక్కడ పోయేది మొబైల్ డేటా. శృంగవరపుకోట దాటకముందే పాటలు డౌన్‌లోడ్ చేసుకోండి.

లోపాలూ ఉన్నాయి. మైకు లేదు, కాల్ మాట్లాడలేరు. స్టీరింగ్ బటన్లతో వాల్యూమ్ మారుతుంది కానీ తర్వాతి పాటకి వెళ్లలేరు. ఆన్ కాగానే కొన్ని బ్యాచ్‌లు పెద్దగా కూత పెడతాయి, ఆపే దారి లేదు. పిన్ లేదు కాబట్టి మీ ఫోన్ కలవకముందు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్లు కూడా కలవొచ్చు. కాల్స్ ముఖ్యమనుకునేవాళ్లు మైకు ఉన్న ఆక్స్ రిసీవర్ తీసుకోండి, దానికీ పవర్ మాత్రం ఇదే పద్ధతిలో ఇవ్వండి.

ఆక్స్ సాకెట్టే లేకపోతే ఈ బోర్డు మీకు కాదు. స్టీరియో వెనక సీడీ ఛేంజర్ (చాలా సీడీలు పట్టే విడి పెట్టె) పోర్టు ఉంటే ఆ మోడల్‌కి సరిపడే ఛేంజర్ అడాప్టర్ వెతకండి. అది ఛేంజర్‌లా డేటా పంపితేనే స్టీరియో ఆ ఇన్‌పుట్ తెరుస్తుంది, ఆడియో వైర్లు మాత్రమే కలిపితే తెరవదు. అదీ లేకపోతే యాంటెన్నా కేబుల్ మధ్యలో పెట్టే ఎఫ్‌ఎం మాడ్యులేటర్ ఉంది. వాడేటప్పుడు బయటి యాంటెన్నాని కట్ చేసే రకం చూసి కొంటే స్థానిక స్టేషన్ల గొడవ ఉండదు.