బీఏ హిస్టరీ: మూడేళ్లు చదివి, ఆరేళ్లు వాడిన తర్వాత

నేను ఈ కోర్సు కోరి తీసుకోలేదు. 2016లో డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్ కొత్తగా వచ్చింది, డిగ్రీ సీట్లన్నీ ఆన్‌లైన్‌లోకి మారాయి. మొదటి ఆప్షన్ నల్లగొండలో బీకాం కంప్యూటర్స్ పెట్టాను, రెండోది కూడా బీకామే. ఇంకో రెండు పెట్టకపోతే అసలు సీటే రాదేమో అని మీసేవ అన్న భయపెడితే, మా టౌన్‌లో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ హెచ్‌ఈపీ, తెలుగు మీడియం కొట్టమన్నాను. మెసేజ్ వచ్చాక చూస్తే అదే. హెచ్‌ఈపీ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. మా మేనత్త మొహం మీదే అడిగింది: “బీఏ జదివి ఏం జేస్తవ్ బిడ్డా, పెండ్లిపత్రికల పేరు పక్కకు ఏసుకుంటవా?”

2019లో బయటికొచ్చాను. ఇప్పుడు ఒక వకీలు సార్ దగ్గర క్లర్క్‌ని. ఎక్కువగా భూమి ఫైళ్లే చూస్తాను. ప్రతి జూన్‌లో ఎవరో ఒకరు ఫోన్ చేసి “బీఏ తీసుకోవచ్చా, హిస్టరీ ఎట్లుంటది?” అని అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కాలేజీ పేరు మాత్రం రాయను.

చిన్న కాలేజీ అంటే ఎంత చిన్నదో ముందు చెప్పాలి. మా సెక్షన్‌లో ముప్పై రెండు పేర్లు, క్లాసులో కనిపించేది పది పదకొండు మంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అటెండెన్స్ కావాలి కాబట్టి మిగతావాళ్లు పొద్దున ఒకసారి మొహం చూపించి పనికి పోయేవాళ్లు. ఒకడు పెట్రోల్ బంక్‌లో, ఇద్దరు క్యాటరింగ్‌లో. హిస్టరీ మొత్తానికి ఒక్కరే సార్. సింధు నాగరికత ఆయనే చెప్పాలి, ఫ్రెంచి విప్లవం కూడా ఆయనే. మొదట్లో అదొక లోటనుకున్నాం. తర్వాత లాభం తెలిసింది. మొదటి సెమిస్టర్‌లో నేను అశోకుడి గురించి రాసిన తప్పు మూడో సెమిస్టర్ దాకా ఆయనకి గుర్తుంది. పెద్ద కాలేజీలో రెండొందల మంది మధ్య కూర్చుంటే నా పేరు కూడా ఎవరికీ తెలిసేది కాదు.

అయితే ఒక్కరే ఉంటే ఏమవుతుందో నాలుగో సెమిస్టర్‌లో తెలిసింది. సార్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది, ఆ ఖాళీలో ఎవరూ రాలేదు. రెండు నెలలకి పైగా హిస్టరీ పీరియడ్ అంటే వేపచెట్టు కింద కూర్చోవడమే. ఆ తర్వాత వచ్చిన గెస్ట్ లెక్చరర్ బాగానే చెప్పేవారు, కానీ గంటల లెక్కన ఇచ్చే డబ్బులు, అవి కూడా నెలల తరబడి రాకపోయేసరికి ఆయన మాత్రం ఎన్నాళ్లని చెప్తారు? 1858 తర్వాతి భారతదేశం, అంటే పోటీ పరీక్షల్లో ఎక్కువ అడిగే భాగం, నేను గైడ్‌లోంచి బట్టీ పట్టాను. మితవాదులు, అతివాదులు అనేసరికి ఇప్పటికీ తడబడతాను. ఈ ఒక్క విషయంలో ఆ కాలేజీని క్షమించలేను.

సిలబస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెలుగు అకాడమీ పుస్తకాలు నమ్మదగ్గవి, చదవడానికి మాత్రం ఎండుకట్టెల్లా ఉంటాయి. పరీక్ష ముందు వారం అందరి చేతుల్లో ఉండేది ఆల్ ఇన్ వన్ గైడే. వాల్యుయేషన్‌లో సైడ్ హెడింగ్స్‌కి, గీత గీసిన లైన్లకి, నింపిన పేజీలకి ఉన్న విలువ రాసిన విషయానికి లేదని నా అనుభవం. గుప్తుల కాలం స్వర్ణయుగమా, చర్చించండి అని వస్తే నేను నిజంగానే చర్చించాను, ఎవరికి స్వర్ణయుగం అని కూడా అడిగాను. నా పక్కన కూర్చున్నవాడు పది సైడ్ హెడింగ్స్ పెట్టి స్వర్ణయుగమే అని తేల్చేశాడు. వాడికి నాకన్నా తొమ్మిది మార్కులు ఎక్కువ. వాడిప్పటికీ ఆ తొమ్మిది మార్కులు గుర్తుచేస్తుంటాడు.

ఇక ఈ కోర్సులో నాకు నిజంగా అబ్బింది ఏమిటంటే, అది ఒక్క శనివారం నాడు వచ్చింది.

రెండో సెమిస్టర్‌లో కాకతీయులు. లైబ్రరీలో దొరికిన ఒక పాత పుస్తకంలో రుద్రమదేవి పాలన 1262 నుంచి 1296 అని ఉంది, మా గైడ్‌లో 1262 నుంచి 1289. ఏది రాయాలి సార్ అని అడిగాను. నా బాధంతా రెండు మార్కుల గురించే. సార్ జవాబు చెప్పలేదు. శనివారం చందుపట్ల పోదాం, తలా యాభై రూపాయలు తెచ్చుకోండి అన్నారు.

చందుపట్ల నకిరేకల్ దగ్గర ఊరు. తొమ్మిది మందిమి రెండు ఆటోల్లో పోయాం. అక్కడున్నది ఒక శాసనం రాయి. మాలో సగం మంది దాని ముందు సెల్ఫీలు దిగడానికే వచ్చారని సార్‌కి తెలుసు, ఏమీ అనలేదు. నీళ్ల బాటిల్ తీసి రాయిని మెల్లగా తడిపారు, ఫోన్ టార్చ్‌ని ఎదురుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా పట్టించారు. అప్పటిదాకా గరుకు రాయిలా ఉన్నచోట అక్షరాల గాట్లు లేచాయి. నాకు పోల్చుకోగలిగినవి రెండు మూడు అక్షరాలే, మిగతాది సార్ తెచ్చిన జిరాక్స్ చూసి చదివారు. శక సంవత్సరం 1211. దానికి 78 కలిపితే 1289. విరోధి నామ సంవత్సరం, మార్గశిరం. మన క్యాలెండర్‌లో నవంబర్ 27. పువ్వుల ముమ్మడి అనే ఆయన వేయించిన శాసనం అది. కాకతి రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారు, వాళ్ల పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నాను అని రాయించాడు. 1970ల్లో శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దీన్ని వెలుగులోకి తెచ్చేదాకా పుస్తకాల్లో రుద్రమ ఇంకో ఆరేడేళ్లు బతికే ఉంది. లైబ్రరీలో నేను చూసిన పుస్తకం అంతకు ముందుది.

తేదీ తేలిందని మేం లేవబోతుంటే సార్ ఆపారు.

“ఇప్పుడు చెప్పుండ్రి, రుద్రమ ఎట్ల చనిపోయింది?”

“యుద్ధంల సార్. అంబదేవుడు చంపిండు.”

“ఏడ రాసుంది?”

ఎవరం మాట్లాడలేదు. రాయి మీద ఉన్నది శివలోకం చేరారన్న మాట ఒక్కటే. యుద్ధం అని లేదు, అంబదేవుడి పేరు లేదు. రాణి, సేనాని ఇద్దరి గురించీ కలిపి చెప్పారు, అదే కాలంలో కాకతీయుల సామంతుడైన అంబదేవుడు తిరగబడ్డాడు, త్రిపురాంతకం శాసనంలో తన గెలుపుల గురించి గొప్పలు చెప్పుకున్నాడు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చరిత్రకారులు యుద్ధంలోనే పోయి ఉండాలన్నారు. “అనుకోవచ్చు, గట్టిగనే అనుకోవచ్చు. కానీ రాయి చెప్పింది ఒక దిక్కు రాయుండ్రి, మనం అనుకున్నది ఇంకో దిక్కు రాయుండ్రి” అన్నారు సార్. అక్కడే నోట్‌బుక్ పేజీకి మధ్యలో గీత కొట్టాను, ఎడమపక్క రాయి చెప్పింది, కుడిపక్క మనం అనుకున్నది. తిరుగు ఆటోలో దారంతా మిగతావాళ్లు సినిమా పాటలు పాడుతుంటే నాకు ఆ కుడిపక్క గడి ఎంత పెద్దదో అన్న ఆలోచనే.

ఆ గీత నాకిప్పుడు రోజూ పనికొస్తుంది. అది ఉద్యోగంలో ఎట్లా వాడుకలోకి వచ్చిందో చెప్తాను, ఎందుకంటే దీన్ని ఏ కెరీర్ గైడెన్స్ వాళ్లూ చెప్పరు.

తెలంగాణలో భూమి గొడవ వస్తే 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు దాకా వెనక్కి పోవాల్సిందే. 2020లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చి అంతా స్క్రీన్ మీదికి మారినా ఆ పాత కాగితం అవసరం పోలేదు. అందులో పట్టాదారు గడి వేరు, సాగు చేసేవాళ్ల గడి వేరు. చాలామంది తమ తాత పేరు కనిపించగానే భూమి మాదే అని సంబరపడతారు. పేరు ఏ గడిలో ఉందో చూడరు. ఇంకా పాత కాగితాల్లో సంవత్సరం ఫస్లీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కలో ఉంటుంది. ఫస్లీ 1358 అని కనిపిస్తే 590 కలపాలి, 1948-49 వస్తుంది, పోలీస్ యాక్షన్ జరిగిన వెంటనే మొదలైన ఏడాది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం. మా పుస్తకంలో ఈ రెండూ కలిపి రెండు లైన్లు, మార్కు కూడా రాని ముక్క. ఇక్కడ ఒక్కో ఫైలు ఆ రెండు లైన్ల మీదే ఏళ్ల తరబడి నడుస్తుంది. రక్షిత కౌలుదారు వారసులు, కౌలుదారుకే భూమి హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ పట్టుకొని వస్తే, ఇది ఎందుకు పుట్టిందో నాకు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

మూడేళ్ల కింద ఒక పెద్దాయన సాదా బైనామా తెచ్చాడు. స్టాంపు లేని తెల్లకాగితం, కింద వేలిముద్రలు, ఇద్దరు సాక్షులు, తేదీ 1979. మూడెకరాలు కొన్నట్టు ఉంది. వకీలు సార్ కోర్టు నుంచి వచ్చేలోపు ఫైలు కట్టమంటే చదువుతున్నాను. మొదటి లైన్‌లోనే ఊరి పేరు పక్కన మండలం పేరు. ఆగిపోయాను. మండలాలు వచ్చింది 1985లో, ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నప్పుడు. 1979లో అయితే తాలూకా అని రాయాలి. మొదట నవ్వొచ్చింది, వెంటనే టెన్షన్ మొదలైంది, ఎందుకంటే ఆయన మా క్లయింటే. ఎదుటి వకీలు కంటపడితే ఐదు నిమిషాల పని.

“తాతా, ఈ కాయితం ఎప్పుడు రాయించినవ్?” అని మెల్లగా అడిగాను.

“అసల్‌ది చెదలు తిన్నది బిడ్డా. తొంభైలల్ల మల్ల రాయించిన. తారీఖు పాతదే ఏయించిన, కొన్నది అప్పుడే గద.”

ఆయన అబద్ధం చెప్పట్లేదని నాకు అనిపించింది. కానీ ఆ కాగితం ఆ రోజుది కాదు. రాగిరేకుల శాసనాల్లో కూడా పాతది పోతే తర్వాతి తరాలు తిరగరాయించుకున్నవి ఉంటాయని సార్ క్లాసులో చెప్తే అప్పుడు నిద్రపోతూ విన్నాను. మా వకీలు సార్ ఆ బైనామాని పక్కన పెట్టించి, ఇంట్లో ట్రంకు పెట్టె మొత్తం వెతకమని పంపించారు. శిస్తు రశీదులు దొరికాయి, నాలుగైదు ఏళ్లవి, నలిగిపోయి, పసుపు మరకలతో. వాటి మీదే కేసు వేశాం. ఇంకా నడుస్తోంది. ఆ రోజు నుంచి జీతం వెయ్యి పెంచారు, అది కూడా ఈ సమీక్షలో రాయాల్సిందే.

పోటీ పరీక్షలకి బీఏ హిస్టరీ బంగారం అని చాలామంది చెప్తారు. సగమే నిజం. గ్రూప్-2లో హిస్టరీ ఉంటుంది, తెలంగాణ ఉద్యమానికి ఒక పేపరే ఉంటుంది. 2022 చివర్లో 783 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, వాయిదాలు పడీ పడీ 2024 డిసెంబర్‌లో రాశాం. బీటెక్ వాళ్లు ఆరు నెలలు కోచింగ్ తీసుకుని నాకంటే బాగా రాశారు. డిగ్రీలో మాకు నేర్పింది పేజీలు నింపడం, అక్కడ అడిగేది బిట్లు. ఒక సంఘటన ఎందుకు జరిగిందో నేను అరగంట చెప్పగలను, నాలుగు సంఘటనలని వరసలో పెట్టమంటే మాత్రం వేళ్లు లెక్కపెట్టుకోవాలి. నాకు రాలేదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి బీఈడీ చేశాక 2024 డీఎస్సీలో సోషల్ టీచర్ పోస్ట్ వచ్చింది. అది కూడా డిగ్రీ చేతిలో పెట్టింది కాదు, ఆ తర్వాత ఐదేళ్లు తను పడ్డ కష్టం.

ఇంకో పెద్ద లోటు ఇంగ్లీషు. చరిత్ర మీద లోతైన పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు మీడియంలో మూడేళ్లు చదివి ఎంఏకి యూనివర్సిటీకి పోయిన మా ఫ్రెండ్ మొదటి ఏడాది డిక్షనరీ పట్టుకొని ఏడ్చాడు. ఉర్దూ కొంచెం వచ్చినా నాకు పనిలో ఎంతో లాభం ఉండేది. నిజాం కాలం కాగితం వస్తే ఇప్పటికీ మసీదు దగ్గరుండే ఒక ముసలాయన దగ్గరికి పరుగెత్తాలి. ఆయనకి ఎనభై దాటింది. ఆయన తర్వాత ఎవరి దగ్గరికి పోవాలో మా టౌన్‌లో ఎవరికీ తెలీదు.

మార్కులు వేయమంటే ఐదుకి మూడు వేస్తాను. ఆ మూడింట్లో రెండు చందుపట్లవే. డిగ్రీ అవ్వగానే జీతం కావాలన్న ఇంట్లో ఉంటే బీఏ హిస్టరీ తీసుకోకండి, నిజాయితీగా చెప్తున్నా. బీఈడీ, లా, ఎంఏ ఏదో ఒకటి తర్వాత చేసే ఓపిక ఉంటే తీసుకోండి. చిన్న కాలేజీ అని భయపడకండి, పదిమంది క్లాసు దొరకడం అదృష్టమే. కానీ ఆప్షన్ కొట్టేముందు ఒక్కసారి ఆ కాలేజీకి స్వయంగా పోయి రెండు విషయాలు కనుక్కోండి. హిస్టరీకి పర్మనెంట్ లెక్చరర్ ఉన్నారా, లైబ్రరీ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది. మా దగ్గర ఆ తాళం అటెండర్ జేబులో ఉండేది, ఆయన మధ్యాహ్నం తర్వాత పొలానికి పోయేవాడు.