ఆ టోర్నీ సగటుతో తూచితే: గోల్స్ రికార్డులను పోల్చే లెక్కపై నా సమీక్ష

ఫుట్‌బాల్‌లో ఏ కాలపు స్ట్రైకర్ (గోల్స్ కొట్టడమే ప్రధాన పనిగా ఆడేవాడు) గొప్పవాడన్న వాదన వచ్చినప్పుడల్లా నేను ఒక చిన్న లెక్క వేస్తాను. ఆటగాడు మ్యాచ్‌కు సగటున కొట్టిన గోల్స్‌ను, అదే టోర్నీలో రెండు జట్లూ కలిపి మ్యాచ్‌కు సగటున చేసిన గోల్స్‌తో భాగిస్తాను. ఏళ్ల తరబడి ఇదే వాడుతున్నాను. మొత్తం గోల్స్ పట్టికలకంటే ఇది ఎంతో నిజాయితీ గల కొలత. అలాగని కళ్లు మూసుకుని నమ్మదగింది కాదు.

ఇలాంటిది ఎందుకు కావాలో ఇంగ్లండ్ లీగ్ చూస్తే అర్థమవుతుంది. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మార్చారు. అంతవరకు సహచరుడు బంతి పంపే క్షణంలో, దాడికి వెళ్లే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. ఆ తర్వాత ఇద్దరుంటే చాలు. ఆ లీగ్ పై అంచె అయిన ఫస్ట్ డివిజన్‌లో 1924-25లో 1,192 గోల్స్ నమోదైతే, మరుసటి సీజన్‌లో 1,703 నమోదయ్యాయి. మ్యాచ్‌లు మాత్రం అవే 462. డిక్సీ డీన్ ఎవర్టన్ క్లబ్ తరఫున 60 గోల్స్ కొట్టింది ఆ తర్వాత, 1927-28లో. దాన్ని 2022-23లో మాంచెస్టర్ సిటీ స్ట్రైకర్ హాలాండ్ చేసిన 36 పక్కన పెట్టి తీర్పు చెప్పేస్తే ఇద్దరికీ అన్యాయమే. అయితే డీన్ గొప్పతనమంతా నిబంధన పుణ్యమే అనడమూ తప్పు. ఆ ఏడాది ఎవర్టన్ చేసిన 102 గోల్స్‌లో 60 అతనివే!

ఈ లెక్క బాగా పనిచేసేది ప్రపంచకప్‌లో. 1954లో హంగరీ ఆటగాడు షాండోర్ కోచిష్ 5 మ్యాచ్‌లలో 11 గోల్స్ కొట్టాడు. 1990లో ఇటలీకి చెందిన స్కిలాచి 7 మ్యాచ్‌లలో 6 కొట్టాడు. పట్టికలో ఇద్దరికీ పోలికే లేదు. కానీ 1954లో 26 మ్యాచ్‌లకు 140 గోల్స్, అంటే సగటు 5.38. 1990లో 52 మ్యాచ్‌లకు 115, సగటు 2.21. భాగించి చూస్తే కోచిష్‌కు 0.41, స్కిలాచికి 0.39. ఆ రెండు అంకెలు అంత దగ్గరగా రావడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. గోల్ పడటమే గగనమైన టోర్నీలో స్కిలాచి ఎంత సాధించాడో మరే పట్టికా ఇంత సూటిగా చెప్పదు.

మొదటి లోపం కూడా ఇక్కడే ఉంది. 1954 సగటును అంత ఎత్తుకు లేపినవారిలో కోచిష్ ఒకడు. హంగరీ ఆడిన 5 మ్యాచ్‌లలోనే 37 గోల్స్ పడ్డాయి. తన గోల్స్ తన మీదే బరువైతే ఎలా? అందుకే ఆటగాడి జట్టు ఆడిన మ్యాచ్‌లను తీసేసి, మిగిలిన మ్యాచ్‌ల సగటుతోనే భాగించాలి. అలా చేస్తే కోచిష్ 0.45కు పెరుగుతాడు, స్కిలాచి 0.37కు తగ్గుతాడు. ఈ సవరణ వల్ల ఎక్కువ లాభపడేది 1958లో 6 మ్యాచ్‌లలో 13 గోల్స్ కొట్టిన ఫ్రాన్స్ ఆటగాడు జస్ట్ ఫాంటైన్. మామూలుగా అతనికి 0.60 వస్తుంది, ఫ్రాన్స్ మ్యాచ్‌లు తీసేస్తే 0.71. 1970లో 10 గోల్స్ చేసిన పశ్చిమ జర్మనీ ఆటగాడు గెర్డ్ ముల్లర్‌కు ఇదే పద్ధతిలో 0.64, 2022లో 8 గోల్స్ చేసిన ఎంబాపెకు 0.44. ఫాంటైన్ రికార్డు పాతకాలపు తేలిక ఆట ఫలమని కొట్టిపారేసేవారికి ఈ వరుస చూపించాలనిపిస్తుంది.

రెండో లోపం మ్యాచ్‌ను కొలమానంగా తీసుకోవడం. స్కిలాచి తొలి మ్యాచ్‌లో ఆస్ట్రియాపై చివరి పావుగంటకు దిగి గోల్ కొట్టాడు. లెక్కలో అది పూర్తి మ్యాచే. ఉరుగ్వేపై కోచిష్ రెండు గోల్స్ అదనపు సమయంలో వచ్చాయి; అదీ ఒక్క మ్యాచే. నిమిషాల వివరాలు దొరికితే వాటినే వాడండి. ప్రత్యర్థి బలాన్ని ఈ లెక్క అసలే పట్టించుకోదు. దక్షిణ కొరియాపై కోచిష్ హ్యాట్రిక్‌కూ, బ్రెజిల్‌పై అతని రెండు గోల్స్‌కూ ఒకే విలువ కట్టడం నాకు మింగుడుపడదు.

పూర్తి కెరీర్‌కు మాత్రం దీన్ని వాడొద్దు. పీలే పేరిట చెప్పే 1,279 గోల్స్‌లో ఏ టోర్నీకీ చెందని స్నేహపూర్వక మ్యాచ్‌లవీ ఉన్నాయి. వాటిలో కొన్ని యూరప్‌లోని పెద్ద క్లబ్బులపై కొట్టినవి. అన్నీ తీసేయడం సరికాదు, అన్నీ ఉంచడమూ సరికాదు.

మన దగ్గరి ఉదాహరణలోనూ ఇదే ఇబ్బంది. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి భారత్ తరఫున 90కి పైగా గోల్స్ కొట్టాడు. అదే సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, హైదరాబాదీ కోచ్ రహీం శిక్షణలో 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. ఛెత్రి గోల్స్‌లో 20కి పైగా దక్షిణాసియా దేశాల శాఫ్ టోర్నీలో వచ్చాయి. బలరాం ఆడే రోజుల్లో ఆ టోర్నీయే లేదు. ఇద్దరినీ తూచడానికి ఉమ్మడి సగటు ఎక్కడా దొరకదు. ఇలాంటి చోట నేను లెక్క కట్టడం మానేసి, ఎవరిపై ఏ మ్యాచ్‌లో కొట్టారో ఒక్కొక్క గోల్ చదువుతాను.