స్పీడు మీటరు సున్నా దగ్గరే ఆగిపోతోందా? 3 స్టార్లు ఇస్తున్నా

యాక్షన్ కెమెరా వీడియో మీద స్పీడు, రూటు మ్యాపు వేసుకుందామని ఈ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా, గేజులు చాలా బాగున్నాయి కానీ నా సైకిల్ రైడ్ మొత్తం ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది, రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసిందేంటంటే నేను ముందే వేరే ఎడిటర్లో క్లిప్ కట్ చేసి ఎక్స్‌పోర్ట్ చేశా, అక్కడే ఎంపీ4 వీడియో ఫైల్లో ఉండే జీపీఎస్ ట్రాక్ (స్పీడు, రూటు డేటా అదే) ఎగిరిపోయింది. కార్డులోంచి ఒరిజినల్ ఫైల్ వేయగానే వచ్చేసింది. ఈ ముక్క ఎర్రర్ మెసేజ్‌లో చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఇంకోటి, రికార్డ్ నొక్కే ముందు ఆరుబయట కాసేపు ఆగండి, కనీసం 4 శాటిలైట్లు దొరక్కపోతే మొదట్లో రూటు ఎటెటో పోతుంది. గోప్రో హీరో 12 కెమెరాలో జీపీఎస్సే లేదు, అది వాడేవాళ్ళు ఫోన్లోంచి జీపీఎక్స్ ఫైల్ (రూటు రికార్డయిన ఫైల్) కలుపుకోవాలి, దాన్ని వీడియో టైముతో సరిచేసే సింక్ స్లైడర్ మాత్రం ఇందులో సూపర్.