ఐదో వారం, మూడో రోజు

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నాలుగేళ్లు నడిచాను. అయినా రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వచ్చేది. పోయిన ఏడాది జూలైలో బ్రిటన్ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే ‘కౌచ్ టు ఫైవ్ కె’ మొదలుపెట్టాను. పరుగు అలవాటు లేనివాళ్లను మెల్లగా 5 కిలోమీటర్ల పరుగుకు చేర్చే పట్టిక అది. 9 వారాలు, వారానికి 3 పరుగులు. ఈ సంగతి చాలామందికి తెలిసిందే. నాకు నచ్చింది అందులోని ఒక్క మాట: ఒళ్లు సిద్ధంగా లేదనిపిస్తే అదే పరుగు మళ్లీ చేయవచ్చు.

మొదటి వారం 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక. నా 46 ఏళ్ల వయసుకు అది చక్కగా సరిపోయింది. ఐదో వారం దగ్గర గుండె జారిపోయింది. మొదటి రోజు 5 నిమిషాల చొప్పున మూడుసార్లు, రెండో రోజు 8 నిమిషాల చొప్పున రెండుసార్లు, మూడో రోజు ఏకంగా 20 నిమిషాలు. మధ్యలో నడకే లేదు. అచ్చుతప్పేమో అనుకున్నాను.

తొలిసారి 11వ నిమిషంలో ఆగిపోయాను. అంతకుముందు వాడిన మరో ఉచిత సైటు, ఒక్క రోజు తప్పితే చాలు, అన్ని రోజుల లెక్కనూ సున్నా చేసేది. రెండుసార్లు ఆ సున్నా చూశాక దాన్ని తెరవడమే మానేశాను. ఇక్కడ ఆ శిక్ష లేదు. మూడు వారాలు ఐదో వారంలోనే ఉండిపోయాను. ఆ తరువాత ఒక తెల్లవారుజామున సన్నని తుంపర పడుతోంది. చున్నీ నడుముకు బిగించి, ఇంటి తాళంచెవి పిడికిట్లో పట్టుకొని బయలుదేరాను. 12 నిమిషాలు దాటాక ఊపిరి దానంతట అదే దారిలో పడింది. గట్టు మీద కూర్చున్న వదిన లేచి “ఇరవై అయిపోయింది, ఆగు!” అని కేక వేసేవరకు నాకు తెలియలేదు. అరచేతిలో తాళంచెవి పళ్లు అచ్చుపడి ఉన్నాయి.

ఆ రోజుల్లో ఆఫీసులో అందరికీ ఎన్‌హెచ్‌ఎస్ సైటు ఒక్కటి చాలని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. వదిన తాడిపత్రి వెళ్లిన పది రోజులూ నేను మంచం దిగలేదు. మార్చి దాటాక ఇక్కడి ఎండకు పరుగు ఆపి, సాయంత్రం నడకకే మారాను. వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నిమిషాల తీవ్రమైన వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్క నాకు చలికాలంలోనే కుదిరింది. పైగా నాకు మోకాళ్ల నొప్పి లేదు, మైదానం ఇంటికి దగ్గర, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇవి లేనివాళ్లకు ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

వదినకు ఇంగ్లీషు రాదు. పాత క్యాలెండరు వెనుక ఆ పట్టికను తెలుగులో రాసిచ్చాను. ఆమె ఇప్పుడు రెండో వారాన్ని మూడోసారి చేస్తోంది.